రాళ్ళవాన గంట

సాయంత్రం వార్తల తర్వాత రేడియోలో వాతావరణం చెప్పే ఆయన గొంతు తియ్యగా ఉంటుంది. తెలంగాణలో అక్కడక్కడ ఉరుములతో కూడిన జల్లులు, ఒకటి రెండు చోట్ల వడగళ్ళు పడవచ్చునని నిన్న ఆ తియ్యని గొంతుతోనే చెప్పి, ఊపిరి తీసుకోకుండా ధాన్యం ధరల్లోకి పోయాడు. నేను వంకాయలు తరుగుతున్నాను. చెయ్యి ఆగిపోయింది. మెదక్‌లో మా పెద్దపంతులమ్మ ఇది వింటే రేడియో చెవి మెలిపెట్టి అడిగేది, అక్కడక్కడంటే ఎక్కడయ్యా, ఎవరింటి మీద అని.

ఆమె పోయి చాలా కాలమైంది. ఎక్కడ పుట్టింది, ఎవరి బిడ్డ, పెళ్ళి ఎందుకు చేసుకోలేదు, ఇవేవీ నాకు సరిగ్గా తెలియవు. ఒకే వరండాలో కొన్నేళ్ళు పనిచేసి కూడా తెలుసుకోలేకపోయానంటే నా తెలివితక్కువతనం ఏమీ లేదు, ఆమె అందనివ్వలేదు. తన గురించి అడిగితే ఎండ గురించి చెప్పేది.

నేను నర్సాపూర్ నుంచి మెదక్‌కు ఆడపిల్లల బడిలో పంతులమ్మగా వచ్చేసరికి రజాకార్ల కాలం ముదురుతోంది. పల్లెల్లో ఎదిగిన ఆడపిల్లలను ఎక్కడ దాచుకోవాలో తెలియక తల్లిదండ్రులు నలిగిపోతున్న రోజులు. ఉద్యోగమంటే మా నాయనకు సుతరామూ ఇష్టం లేదు కానీ, చర్చి పక్క బస్తీలో ఎత్తు గోడల బడి, నలుగురు ఆడవాళ్ళ మధ్య ఉంటుందిలే అని పంపించాడు.

వచ్చిన మర్నాడే ఆమె చేత తిట్లు తిన్నాను. పొద్దున్నే స్నానం చేసి, తడిచీర వరండాలో కట్టిన తాడు మీద ఆరేశాను. నీడలో ఆరితే రంగు పోదని మా అమ్మ చెప్పిన పద్ధతి. కాసేపటికి పొట్టిగా, గుండ్రంగా, తెల్లచీర కట్టుకుని, చంకలో మగవాళ్ళ గొడుగు పెట్టుకున్న మనిషి వచ్చి నా ముందు నిలబడింది.

"పిల్లా, నీ చీర జేయబట్టి మెదక్‌ల ఇయ్యాల చలికాలం వచ్చింది. తీస్తవా, కంబళ్ళు పంచమంటవా?"

నాకు ఏమీ అర్థం కాలేదు. చీర వెనుక, గోడకు చిలకపంజరం లాంటి జాలీ పెట్టె ఒకటి వేలాడుతోంది. అందులో చిలక లేదు, థర్మామీటరు ఉంది. నా తడిచీర గాలికి పాదరసం దిగిపోయిందన్నమాట. ఆ పెట్టె దరిదాపుల్లో తడిబట్ట ఆరేయకూడదు, పొయ్యి వెలిగించకూడదు, పిల్లలు గుమిగూడి ఊపిరి వదలకూడదు. బడికి ఎన్ని నియమాలున్నాయో దానికి అంతకంటే ఎక్కువ ఉండేవి.

ఎవరైనా నమస్కారం పెడితే ఆమె తిరిగి నమస్కారం పెట్టేది కాదు, డిగ్రీలు చెప్పేది. "ఇయ్యాల తొంబై ఎనిమిది" అనేది. కూరగాయలమ్మకూ అంతే, చర్చి నుంచి వచ్చే పెద్దమనుషులకూ అంతే. కూరగాయలమ్మ దానికి అలవాటుపడి, గంప దించుతూ తానే ముందు అడిగేది, ఎంతుందమ్మా ఇయ్యాల అని. వంకాయల బేరమా, ఎండ బేరమా అని మేము నవ్వుకునేవాళ్ళం.

శివరాత్రి పోయిందంటే మాత్రం ఆ నవ్వులు చెల్లేవి కాదు. మా వైపు రాళ్ళవాన పడేది ఆ రోజుల్లోనే. జొన్న కోతకొచ్చి ఉంటుంది, కల్లాల మీద కంకులు పడి ఉంటాయి, మామిడి పిందె కట్టి ఉంటుంది. మధ్యాహ్నం దాకా చెమటలు కక్కించిన ఎండ ఉన్నట్టుండి చల్లబడిందంటే లోకమంతా హమ్మయ్య అనుకునేది, ఆమె ముఖం మాత్రం మాడిపోయేది. జాలీ పెట్టె ముందు నిలబడి, కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ, పాదరసం దిగడం చూసేది. మెల్లగా దిగితే వట్టి వాన. గబగబా దిగి, పడమటి మబ్బు అడుగున పచ్చని ఛాయ కనిపించి, ఉరుము విడివిడిగా కాకుండా తిరగలి తిప్పినట్టు ఆగకుండా వినిపిస్తే రాళ్ళు. ఇదంతా ఆమె పుస్తకాల్లో చదివిందో, బుర్రతో కట్టిందో తెలియదు. తప్పిన రోజులూ ఉన్నాయి. తప్పితే ఏమాత్రం సిగ్గుపడేది కాదు, పైగా ఆ పూట హుషారుగా ఉండేది.

రాళ్ళు పడిన రోజున వాన ఆగీ ఆగకముందే ఇత్తడి తాంబాళం పట్టుకుని వాకిట్లోకి దిగేది. పెద్ద రాయి ఒకటి ఏరి, కత్తిపీట మీద రెండు చెక్కలు చేసి, లోపల ఉల్లిపాయలాగా పొరలు చూపించేది పిల్లలకు. పైకి పోయి కిందికొచ్చి మళ్ళీ పైకి పోయి పెరిగిన రాయి అని చెప్పేది. రాళ్ళ సైజు పండ్లతో కొలిచేది. రేగుపండు, ఉసిరికాయ, నిమ్మకాయ. నిమ్మకాయ దాటితే మరి పేరు పెట్టేది కాదు.

మా వంటమనిషి రాళ్ళు మొదలవగానే రోకలి తెచ్చి వాకిట్లోకి విసిరేది. ఇనుప పొన్ను చూసి రాళ్ళు ఆగుతాయని నమ్మకం, మా ఇంట్లోనూ అదే చేసేవారు. చదువుకున్న మనిషి కదా, పెద్దపంతులమ్మ కోప్పడుతుందనుకున్నాను. "విసరనియ్యి. రోకలి విసిరినామె గడప దాటది గద, గదే సాలు" అన్నది.

ఒకసారి చనువు తీసుకుని అడిగాను, మీకెందుకమ్మా రాళ్ళంటే ఇంత పట్టింపు అని. ఎప్పటిలాగే ఎండ గురించి చెబుతుందనుకున్నాను. "చిన్నప్పుడు పిట్టలు సచ్చుడు జూసిన. చెట్టుకింద కుప్పలు కుప్పలు. ముందుగాల ఎవలన్న చెప్తె ఎటన్న ఎగిరిపోతుండె" అని, లేచి తరగతికి వెళ్ళిపోయింది.

అందుకేనేమో ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మా బడి మెదక్ చివర. వెనుక గోడ అవతల ఒక చిన్న వాగు, వాగు దాటితే ఒక పల్లె. కొన్ని గూనపెంకుల ఇండ్లు, కొన్ని గడ్డి గుడిసెలు, చుట్టూ జొన్న చేలు. అక్కడి పిల్లలు కొందరు మా దగ్గరే చదివేవారు. బడి గంట అంటే వెనుక వరండా దూలానికి వేలాడదీసిన రైలుపట్టా ముక్క. సుత్తితో కొడితే పల్లె దాటి వినిపించేది. బడి వేళకు ఒక తీరు. రాళ్ళ జాడ కనిపిస్తే మాత్రం రెండు దెబ్బలు కలిపి, కాస్త ఆగి, మళ్ళీ రెండు కలిపి, అలా పల్లె సద్దుమణిగేదాకా కొడుతూనే ఉండేది. ఆ తీరు వినగానే పల్లెలో ఎక్కడి పని అక్కడ వదిలేసేవారు. కల్లాల మీద గడ్డి కప్పి, మేకలను తోలుకుని, పిల్లలను లాక్కుని ఇండ్లలోకి దూరేవారు. గుడిసెల వాళ్ళు గూన ఇండ్లలోకి పోయేవారు. నేను చూసిన మొదటి ఏడు ఆ గోడ దగ్గర నిలబడి చూస్తే నిజంగా ముచ్చటేసింది.

రెండో ఏడు ఆ ముచ్చట లేదు. చుట్టుపక్కల ఊళ్ళల్లో రజాకార్ల లారీలు దిగడం ఎక్కువైంది. ఎల్దుర్తి వైపు నుంచి వచ్చిన వాళ్ళు చెప్పే కబుర్లు విని మేము బడి పిల్లలను వాకిట్లో ఆడుకోనివ్వడం మానేశాం. పల్లెల్లో ఒక కట్టుబాటు పుట్టింది. లారీ చప్పుడైనా, ఎవరైనా డప్పు కొట్టినా, తపేలా కొట్టినా, క్షణం ఆలస్యం చేయకుండా ఇల్లు వదిలి చేలలోకి పరుగెత్తాలి. ఇంట్లో ఉన్నవాడు దొరికిపోతాడు. చేలో ఉన్నవాడు బతుకుతాడు. వాగవతలి పల్లెవాళ్ళు కొన్ని రాత్రులు పూర్తిగా జొన్న చేలలోనే పడుకున్నారని పిల్లలు చెప్పేవారు.

ఆ ఏడు చలి ఇంకా మిగిలి ఉండగానే అమీను, అంటే మా ఠాణాకు పెద్ద, సైకిలు మీద బడికి వచ్చాడు. చెడ్డవాడని చెప్పలేను. వరండాలో కూర్చుని చాయ్ తాగాడు. బడి వేళకు తప్ప గంట మోగకూడదని పైనుంచి హుకుం వచ్చిందని చెప్పాడు. ఆమె మర్యాదగా అతన్ని జాలీ పెట్టె దగ్గరికి తీసుకుపోయి, పాదరసం సంగతీ, రాళ్ళ సంగతీ, పల్లె సంగతీ విడమరిచింది. అతను వంగి చూశాడు, డిగ్రీలు సరిగ్గానే చదివాడు.

"మీరు రాళ్ళవానకు కొడ్తున్నరని నాకెరుకే పంతులమ్మా. జంగల్ల ఉన్నోళ్ళకు ఇషారా చేస్తున్నరని పైవాళ్ళంటే నేనేం జవాబియ్యాలె? ఈ సీసా నాకు చదువొస్తది. వాళ్ళకు రాదు."

వేళ కాని వేళ గంట మోగితే కొట్టినవాళ్ళను పట్టుకుపోతామని పల్లెలో కూడా దండోరా వేయించి వెళ్ళాడు. ఆ సాయంత్రం ఆమె ఎవరికీ డిగ్రీలు చెప్పలేదు. మేమంతా ఆమెను కూర్చోబెట్టి బతిమాలాం, ఈ ఏడుకు ఊరుకోండమ్మా అని. సరేనన్నట్టే తల ఊపింది.

ఆ రోజు పొద్దుటి నుంచే ఉక్క. బల్లల మీద పిల్లల చేతులు అతుక్కుపోతున్నాయి. మధ్యాహ్నం బువ్వలు తిన్నాక పిట్టల చప్పుడు ఆగిపోయింది. పిట్టలు ఆగిన సంగతి నేను గమనించింది కూడా ఆమె పెట్టె ముందుకు వెళ్ళి నిలబడిన తర్వాతే. చర్చి గోపురం వెనుక పడమటి దిక్కు నల్లబడింది. మెడ మీద చల్లగాలి తగిలింది. నేను ఆమె పక్కకు వెళ్ళి చూశాను. మామూలుగా పాదరసం దిగడం కంటికి కనపడదు. ఆ రోజు కనపడింది.

ఆమె గోడ వైపు చూసింది. వాగవతల కల్లం మీద మగవాళ్ళు, కోత చేలలో ఆడవాళ్ళు. ఎండకు ఇంకా కొందరు ఇండ్లలోనే ఉన్నారు. చల్లగాలి వచ్చిందని కల్లం మీద ఒకడు చేతులు చాపి నిలబడ్డాడు. తిరగలి ఉరుము మొదలైంది.

"అమ్మా, అమీను" అన్నాను.

ఆమె సుత్తి తీసుకుంది. రెండు కలిపి, ఆగి, రెండు కలిపి. పొట్టి మనిషి మడమలు ఎత్తి కొడుతోంది. నేను గోడ దగ్గరికి పరుగెత్తాను. కల్లం మీద మనుషులు ఒక్కసారి బిగుసుకున్నారు. తర్వాత ఇండ్ల వైపు పరుగెత్తారు. బతికిపోయారు అనుకున్నాను. ఇండ్లలోకి దూరినవాళ్ళు దూరినట్టే మళ్ళీ బయటికి వస్తున్నారు. చంకల్లో పిల్లలు, భుజాల మీద ముసలివాళ్ళు. పల్లె మొత్తం చేలలోకి పరుగెడుతోంది. వాళ్ళకు వినపడలేదేమోనని ఆమె ఇంకా గట్టిగా కొడుతోంది. ఆమె ఎంత గట్టిగా కొడితే వాళ్ళు అంత దూరం పోతున్నారు.

"బయటికి ఉరుకుతున్నరమ్మా" అని అరిచాను.

సుత్తి ఆగింది. ఆమె గోడ దగ్గరికి వచ్చి చూసింది. ఆ ముఖం నేను చెప్పలేను. పిల్లలను లోపల పెట్టి తలుపులు వేయమని నాకు చెప్పి, గొడుగు తీసుకుని వెనుక వాకిలి తీసి వాగులోకి దిగింది. పోకండి, ఇండ్లలోకి పోండి అని అరుస్తూనే ఉంది. వాగు దాటుతుండగానే రాళ్ళు మొదలయ్యాయి. మొదట రేగుపండ్లు, అంతలోనే నిమ్మకాయలు. మా పెంకులు పగిలి తరగతి గదిలో పడ్డాయి. పిల్లలను బల్లల కిందికి తోసి, ఆ చప్పుడులో నేనేం అరుస్తున్నానో నాకే వినపడలేదు.

అంతా ఆగాక వచ్చింది. గొడుగుకు ఊచలే మిగిలాయి. నుదుటి మీద నెత్తురు వానకు పలచబడి చీరంతా పాకింది. కొంగులో చుట్టిన పసిగుడ్డు ఏడుస్తోంది. ఆ బిడ్డ తల్లి మా బడిలో రెండో తరగతి దాకా చదివిన పిల్ల. కోసిన జొన్నమోళ్ళ మీద బిడ్డను కింద వేసి, పైన తాను బోర్లా పడుకుందట. బిడ్డ మీద ఒక్క రాయి పడలేదు, తల్లి మళ్ళీ లేవలేదు. ఇంకా ఒక ముసలాయన పోయాడు, చేతులూ తలలూ పగిలినవాళ్ళు ఎందరో. ఇండ్లలో మిగిలిపోయిన కదలలేని మనుషులు మాత్రం క్షేమంగా ఉన్నారు.

మర్నాడు అమీను వచ్చాడు. ఎవరు కొట్టిన్రు అని అడిగాడు. నేనే అని ఆమె ఎదురుగా నిలబడింది. అతను ఆమె నుదుటి కట్టు చూశాడు, గోడ మీదుగా పల్లె వైపు చూశాడు. నాకు నిన్న గంట వినరాలేదు అని, సైకిలెక్కి పోయాడు. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. ఆమె మాత్రం ఆ సైకిలు వెంట గేటు దాకా పోయింది, తీసుకుపొమ్మని. పట్టుకుపోయి ఉంటే ఆమెకు కొంత నయంగా ఉండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

వానాకాలం చివర సైన్యం వచ్చింది. పోలీసు చర్య అన్నారు. జెండాలు మారాయి, అమీను మారాడు, గంటల మీద హుకుం అడిగేవాడు లేడు. పల్లెవాళ్ళు ఇండ్లలో పడుకోవడం మొదలుపెట్టారు. పెద్దపంతులమ్మ బడి వేళకు కూడా ఆ సుత్తి ముట్టుకోవడం మానేసింది. మరుసటి శివరాత్రి వెళ్ళాక, పాదరసం కాస్త దిగితే చాలు, వాగు దాటి ఇల్లిల్లూ తిరిగి నోటితో చెప్పి వచ్చేది. వట్టి మబ్బుకు కూడా పోయేది. కాళ్ళు వాచిపోయేవి. చెప్పినా వినదని నేనూ వెంట వెళ్ళేదాన్ని. ఆ చనిపోయిన పిల్ల ఇంటి దగ్గర మాత్రం ఆమె గడప దాకా పోలేదు, దూరం నుంచే చెప్పేది.

ఒక మధ్యాహ్నం మబ్బు నిజంగానే పచ్చబడింది. మేము వాగులో ఉండగా ఆ పిల్ల మొగుడు ఎదురొచ్చాడు. చంకలో బిడ్డ, నడక నేర్చే వయసు.

"గంట కొట్టుండ్రమ్మా. మీరు నడిచొచ్చేటాల్లకు రాళ్ళు పడ్తయి" అన్నాడు.

ఆమె అతని ముఖం చూడలేదు. "నా గంట ఇని లారీ వచ్చిందనుకున్నరు బిడ్డా. రాళ్ళదని మీకు తెల్వనే లేదు" అన్నది.

"తెలిసింది. రెండు రెండు కొట్టిన్రు గద, పొల్లగాండ్లకు సుత ఎరుకే. కొడితె జైల్లేస్తమని దండోరా వేసిన్రు గదమ్మా. రాళ్ళవాన కోసం, మా అసుంటోళ్ళ కోసం, ఎవలన్న జైలుకు పోతరా అనుకున్నం. గింత పెద్ద పని చేసిందంటే లారీయే వచ్చుంటది, గది చెప్పరాక గిట్ల చెప్తున్నదనుకున్నం." బిడ్డను చంక మార్చుకున్నాడు. "గంతదనుక మా కోసం ఎవలు పోలేదు. మాకెట్ల తెల్వాలె?"

ఆమె తలెత్తి అతని ముఖం చూసింది. అతను మాత్రం మబ్బు వైపు చూస్తూ, ఇగ తెలిసింది గద, కొట్టుండ్రి, పొద్దు లేదు అని తొందర చేశాడు.

వెనక్కి తిరిగాం. ఆ వాచిన కాళ్ళతో నాకంటే ముందు వరండా చేరింది. సుత్తి తీసింది, ఎత్తింది. దించేసి నా చేతిలో పెట్టింది.

"నువ్వు కొట్టు. నేను కొడితె మల్ల ఉరుకుతరేమో."

కొట్టాను. రెండు కలిపి, ఆగి, రెండు కలిపి. కొడుతూనే గోడ మీదుగా చూస్తున్నాను. ఆమె పల్లె వైపు వీపు పెట్టి, జాలీ పెట్టెను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. వాగవతల కల్లం ఖాళీ అయింది. మేకలు లోపలికి పోయాయి. తలుపులు ఒకటొకటే మూసుకున్నాయి. వాకిట్లో మొదటి రాళ్ళు పడి ఎగురుతున్నాయి.

"ఎవలన్న బయటికొచ్చిన్రా?" అని అడిగింది.

"లేదమ్మా. అందరు ఇండ్లల్లనే ఉన్నరు."

"మల్లొక్కపారి జూడు" అన్నది.